సున్నపు బట్టీ స్టాపుకు ప్రయోజనం లేదని రాసినందుకు

మహబూబాబాద్,
తేది 5-12-2011, సోమవారం.

పట్టణ రవాణా విధాన, ప్రణాళికా పరిశోధన కేంద్రం పెద్ద అధికారి గారి సముఖమునకు,
విశ్వవిద్యాలయం, హైదరాబాదు.

విషయం: మహబూబాబాద్ పట్టణం, తొర్రూరు రోడ్డు, సున్నపు బట్టీ బస్సు స్టాపును తమ కేంద్రం వారి రిపోర్టు మీద ఎత్తివేసిన సంగతి, తిరిగి పెట్టించుట గురించి.

అయ్యా,

నేను సాబేరా బీ, కీర్తిశేషులు జానీమియా భార్యను. వయసు రేషన్ కార్డులో డెబ్బై, నా లెక్కలో అంతకు తక్కువ. రజాకార్ల గడబిడ నాడు మా అమ్మ చంకలో ఉన్నాను. కులం దూదేకుల. నివాసం సున్నపు బట్టీ వెనుక గల్లీ. ఇంట్లో నేను, పరుపులు కుట్టే నా కొడుకు మాజిద్, వాని తల్లి లేని బిడ్డ, ముగ్గురం ఉంటాము. నాకు చదువు రాదు. తాసీలు ఆఫీసు ముందు కూర్చునే భిక్షపతితో ఇది రాయిస్తున్నాను. ఆయన రాసిన ప్రతి పేజీని వేరే మనిషితో చదివించుకొని విన్నాకనే ముందుకు పోతున్నాను. దీనికి భిక్షపతి నొచ్చుకున్నాడు. నొచ్చుకోనీ. నేను నమ్మి చెడ్డ కాగితాలు చాలా ఉన్నాయి. తమరి కాగితం అందులో ఆఖరిది.

1. సున్నపు బట్టీ దగ్గర తొర్రూరు బస్సు ఆగడం నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి ఉన్నది. అప్పుడు బట్టీ ఉండేది, రేకు బోర్డు లేదు. తరువాత బట్టీ పోయింది, రేకు బోర్డు వచ్చింది. బస్సు మాత్రం రెండు కాలాల్లోనూ ఆగింది. మా వాడలోని కూలి జనం, మేస్త్రీలు, కౌలు రైతులు, చదువుకునే ఆడపిల్లలు అక్కడనే ఎక్కి అక్కడనే దిగుతారు.

2. ఈ సంవత్సరం ఎండాకాలం ఆఖరున తెలంగాణ కోసం రోడ్ల మీద వంటావార్పు జరిగిన దినం తమరికి ఎరుకే అనుకుంటాను. మా బజారు జనం రోడ్డుకు అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి వండుతున్నారు. సరిగ్గా ఆ దినమే తమ కేంద్రం నుంచి ఒక పిల్లగాడు వచ్చి, కిరాణా దుకాణం అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో బొటనవేలుతో నొక్కే బిళ్ళ ఒకటి ఉన్నది. మధ్యాహ్నం దాకా దాన్ని ఒక్కసారి కూడా నొక్కలేదు. జపం లెక్కపెట్టే తస్బీ అనుకొని నేనే పోయి అడిగినాను.

"ఏంది బిడ్డా అది? తస్బీ చదువుతున్నవా?"

"కాదు మామ్మగారూ. వాహనాలూ, ప్రయాణికులూ లెక్కపెట్టేదండీ."

"వాహనాలు యాడున్నయి? తొవ్వ మీద వంట గంజులున్నయి. రేపు రారాదా."

"మా షెడ్యూలు ఈ రోజేనండీ."

మాట చూస్తే మా దిక్కు మాట కాదు. అయినా ఆకలి అందరిదీ ఒక్కటే కనుక విస్తరి వేసి బగారన్నం, దాల్చా పెట్టినాను. రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. ఆ దినం మా స్టాపులో బస్సులు సున్న, మనుషులు సున్న అని తమ రిపోర్టులో ఉన్నదట. అంతమంది నడుమ కూర్చొని తిన్నవానికి ఒక్క మనిషి కూడా ఎట్లా కనపడలేదో తమరు వానినే విచారించగలరు.

3. ఆ తరువాత ఆషాఢంలో ఫైళ్ళు పట్టుకొని ఒక ఆడమనిషి, ఒక మొగమనిషి వచ్చినారు. మా స్టాపులో నిలబడిన ప్రతివారిని మూడు మాటలు అడిగినారు. ఎక్కడి నుంచి వస్తున్నారు, ఎక్కడికి వెళ్తున్నారు, ఎందుకు. అయ్యా, పోయిన సంవత్సరం మా ఊరి రైలు స్టేషన్ దగ్గర రాళ్ళ లొల్లి అయినాక, నా కొడుకును ఠాణాకు పిలిపించి అడిగినవి ఈ మూడు మాటలే, ఈ వరుసలోనే. ఆ లొల్లి నాడు వాడు ఇంట్లో పరుపు కుడుతున్నాడు. చెప్పినా సాయంత్రం దాకా కూర్చోబెట్టినారు. ఇప్పుడు అవే మాటలు అడిగే మనుషులు ఫైలు పట్టుకొని వస్తే మేము ఏమనుకోవలెను? సీఐడీలు అనుకున్నాము. నేనే అందరికీ సైగ చేసినాను.

మా గల్లీ మేస్త్రీ బుచ్చయ్య చేతిలో తాపీ, టిఫిను పట్టుకొని నిలబడి చెప్పిన జవాబు ఇది. "నేను బస్సే ఎక్క సారూ. నాకు కక్కులైతయి."

"మరి ఇక్కడ ఎందుకు నిలబడ్డారండీ?"

"గాలికి."

మా ఎదురింటి రాజమణి పెద్దవంగర దగ్గర కౌలుకు పట్టిన మిరప చేనుకు రోజూ పోతుంది. ఆమె "మా అక్క సచ్చిపోయింది, సూడవోతున్న" అన్నది. మరునాడు అదే ఆడమనిషి అదే తావున అడిగితే "ఇంకో అక్క" అన్నది. వాళ్ళు పోయినాక బుచ్చయ్య అడిగినాడు.

"నీకెంతమంది అక్కలే రాజమణీ?"

"సర్వే అయ్యేదాక ఉంటరు."

4. ఇక అసలు సంగతి. ఆ ఆడమనిషి నా దగ్గరికి వచ్చి "మీ ప్రయాణ ప్రయోజనం ఏమిటండీ?" అని అడిగింది. అయ్యా, మా దిక్కు పరోజనం అంటే ఇంట్లో జరిగే శుభకార్యం. పెండ్లి, పిల్ల పెద్దమనిషి అయిన ఫంక్షన్, తొట్టెల, ఇట్లాంటివి. బంధువులను పిలిచేటప్పుడు "మా ఇంట్ల పరోజనం ఉన్నది, రావాలె" అని పిలుస్తాము. ఇది మాకు పుట్టినప్పటి నుంచి వచ్చిన మాట. ఆమె మా ఇంటి పరోజనం సంగతి ఎందుకు తీసిందో నాకు అర్థం కాలేదు. ఉన్న మాటే చెప్పినాను.

"మా ఇంట్ల ఏం పరోజనం లేదు బిడ్డా."

ఆమె "లేదా?" అని రెండుసార్లు అడిగి రాసుకున్నది. వరుసలో ఉన్న ఆడవాళ్ళందరినీ ఇట్లాగే అడిగింది. అందరూ లేదు అన్నారు. ఆషాఢంలో ఎవరింట్లో పరోజనం పెట్టుకుంటారు?

తరువాత మా మనుమరాలి దగ్గరికి పోయింది. ఏ టైముకు పోతావు, ఏ టైముకు వస్తావు, ఒంటరిగానా, తోడుతోనా అని అడిగింది. పక్కన ఆ మొగమనిషి నిలబడి వింటున్నాడు. ముక్కు ముఖం తెలియని వాడు ఆడపిల్ల ఒంటరిగా పోయే టైము ఎందుకు రాసుకోవలెను? పిల్ల చదువుకున్నది, ప్రయోజనం అన్న మాట దానికి తెలుసు. "అది కాదు దాదీ" అని నోరు తెరిచింది. చేతి మీద గిచ్చినాను.

"దీనికి గూడ ఏం పరోజనం లేదు. సదువు లేదు గిదువు లేదు, ఇంటికాడ్నే ఉంటది" అన్నాను.

అబద్ధం చెప్పినందుకు నేను సిగ్గుపడను. అడిగిన తీరుకు అదే జవాబు.

5. సకలజనుల సమ్మె విరమించి బస్సులు తిరగడం మొదలైనాక, తొర్రూరు బస్సు మా ముందు నుంచే పోయింది, ఆగలేదు. మరునాడు నేను రోడ్డు నడుమ నిలబడినాను. బ్రేకు వేసి, కండక్టరు తలకాయ బయట పెట్టి "అవ్వా, గీ స్టాపు తీసేసిండ్రు. బైపాసు కాడికి పోయి ఎక్కుండ్రి" అన్నాడు. బస్సుల ఆఫీసుకు పోయినాను. అక్కడి గుమాస్తా తమ రిపోర్టు తీసి చదివి వినిపించినాడు. "సదరు స్టాపు నందు నిత్య ప్రయాణికులు లేరు. విద్యార్థులు లేరు. విచారించిన వారిలో అత్యధికులు తమ ప్రయాణమునకు ప్రయోజనము లేదని స్వయముగా తెలిపియున్నారు." చదివి నవ్వినాడు.

"మీరే లేదన్నరట గదా అవ్వా."

"నేను లేదన్నది పెండ్లి నాయినా."

వానికి అర్థం కాలేదు. రెండోసారి చెప్పినాను. అప్పుడు అర్థమై ఇంకా గట్టిగా నవ్వి, పక్క బల్ల వాళ్ళను కూడా పిలిచి చెప్పినాడు. అందరూ నవ్వినారు. స్టాపు మాత్రం వాళ్ళ చేతిలో లేదన్నారు, హైదరాబాదు వాళ్ళు రాస్తేనే అన్నారు. ఆ నవ్వులో ఎంత ఎకసెక్కం ఉన్నదో నాకు తెలియనిది కాదు. మా మాటను సినిమాల్లో పెట్టి నవ్వినప్పుడు వినలేదా.

6. కొత్త స్టాపు బైపాసు మీద, వైన్స్ దుకాణం ముందు పెట్టినారు. అక్కడ పొద్దున్నే తాగి కూర్చునే వాళ్ళు ఉంటారు. మనుమరాలిని ఒక్కదాన్ని పంపలేక నేనే తోడు పోయి బస్సు ఎక్కించి వస్తున్నాను. మోకాళ్ళు నావి కావు అన్నట్టున్నాయి. మొన్న ఒకడు "అవ్వా, నువ్వు గూడ ఒక క్వార్టరు పట్టిస్తవా?" అన్నాడు. "ముందు మీ అవ్వకు పోసి రా బిడ్డా, మిగిలితే నేను తాగుత" అన్నాను. పక్కవాళ్ళు నవ్వినారు, వాడు తల వంచినాడు. అయితే నేను లేని పూట ఏమి జరుగుతుందో ఎవరు చూడవచ్చినారు?

ఈ మాట నా కొడుకు చెవిన పడింది. వాడు చెడ్డవాడు కాడు, భయస్తుడు. ఠాణాకు పోయి వచ్చినప్పటి నుంచి మరీ భయస్తుడు.

"అమ్మా, వైన్స్ ముంగట నా బిడ్డ నిలబడుడేంది? సదువు బంద్. కేసముద్రంల ఒక పిలగాడున్నడు, లారీ నడుపుతడు. మాట ముచ్చట అయిపోయింది. ఈ నెలాఖరుకు నికా పెడదాం."

"ఇంకొక్క యేడు ఓపిక పట్టురా. పరీక్ష కానియ్యి."

"బస్సు ఆగితే పట్టేటోణ్ణి. ఆగుతలేదు గదా. ఇంటి ముంగట బస్సు ఆగితే నేనే ఎక్కిస్త, నీకు మాట ఇస్తున్న."

వాడు మాట ఇస్తే తప్పడు. ఆ నమ్మకంతోనే ఈ అర్జీ. తమ కేంద్రం వారు మా ఇంట్లో ప్రయోజనం లేదని రాసినారు. అట్లా రాసినందుకు మా ఇంట్లో ఇప్పుడు పరోజనం మొదలైతున్నది. పిల్ల రెండు దినాలుగా అన్నం ముట్టడం లేదు.

7. నా అనుమానాలు కూడా రాయించుతున్నాను. బైపాసు పక్కన హద్దురాళ్ళు పాతిన ప్లాట్లు ఉన్నాయి. బస్సు అక్కడ ఆగితే ఎవరికి లాభమో తమరికి ఎవరైనా చెప్పినారా? తమ కేంద్రం ఉన్నదా, లేక అది ఉత్త పేరేనా? పిల్లలు తెలంగాణ కోసం లాఠీ దెబ్బలు తింటున్న యూనివర్సిటీలలోనే మా తొవ్వలు ఎట్లా ఉండాలో రాస్తున్నారంటే, మమ్మల్ని ఒక మాట మా మాటలో అడగడానికి అంత మందిలో ఒక్కరు దొరకలేదా? "అనుమానాలు అర్జీలో రాయకూడదే సాబేరమ్మా" అని భిక్షపతి అంటున్నాడు. రాయమన్నాను. రాసినాడు.

8. కావున నేను కోరునది ఇంతే. బందు లేని దినం చూసి మళ్ళీ రండి. ఫైలు పట్టుకొని రండి, అభ్యంతరం లేదు. ఊరు పేరు, ఆఫీసు పేరు ముందు చెప్పండి. మొగమనిషిని ఆడపిల్లల పక్కన నిలబెట్టకండి. ప్రయోజనం అనకండి. "ఏం పని మీద పోతున్నవ్ బిడ్డా" అనండి. అందరూ ఉన్నది ఉన్నట్టు చెప్తారు. బుచ్చయ్య పనికి పోతున్నానని చెప్తాడు. రాజమణికి అక్కలు ఎవరూ లేరు. ఈ నెలాఖరు లోపల రావాలె. ఆ తరువాత వచ్చి స్టాపు పెట్టినా మా ఇంటికి పని లేదు.

ఈ సంగతులు తమరు మనసుకు తెచ్చుకొని, స్టాపును ఎప్పటి తావున నిలపవలెనని అడుగుతున్నాను. ఇక్కడ 'తమ విధేయురాలు' అని పెట్టాలట. బస్సు ఆగినాక ఆ మాట రాయించి వేరే కాగితం పంపుతాను.

మనవి: భిక్షపతి అంతా అయిపోయినాక ఒక మాట అన్నాడు. "అవ్వా, ఇంత రాయించినవు గని పిల్ల పేరు యాడా చెప్పలే. పేరు లేకుంటే గా రిపోర్టుల విద్యార్థులు లేరనే ఉంటది." ఈ కాగితం ఎవరి చేతిలో పడుతుందో నాకు తెలియదు. తమరిని నేను చూడలేదు, నమ్మలేదు. అయినా ఆ దినం తమ ఆడమనిషి అడిగిన వాటికి మా పిల్ల జవాబు నా నోటితో ఇస్తున్నాను, రాసుకోండి.

పేరు ఆయేషా. ఎక్కేది సున్నపు బట్టీ స్టాపు. దిగేది తొర్రూరు. పొద్దున మొదటి బస్సుకు పోతుంది, దీపాలు పెట్టే వేళకు వస్తుంది. ఒంటరిగా. ప్రయాణ ప్రయోజనం: నర్సు ట్రైనింగు, రెండవ సంవత్సరం.

సాబేరా బీ, ఎడమచేతి బొటనవేలి నిశాని.

సాక్షులు:
రాజమణి, సున్నపు బట్టీ గల్లీ, సంతకం.
బుచ్చయ్య, మేస్త్రీ, అదే గల్లీ, నిశాని.

వ్రాసినది: భిక్షపతి, తాసీలు ఆఫీసు ఎదుట. చదివి వినిపించడమైనది, రెండుసార్లు.