షెడ్డు ముందు చెప్పులు

కడప.

శివజ్యోతక్కకు హనుమేషు దండాలు. నేను బాగున్నాను, దిగులుపడొద్దు.

సబ్బులు, అగరబత్తీలు చేసేచోట ఎంతమంది పనిలో ఉన్నారో నెలనెలా రాసుకునే ఉద్యోగం కదా నాది. యజమానుల మాట నమ్మలేక, గడప బయట విడిచిన చెప్పులు లెక్కబెడతాను.

నిన్న వేంపల్లె దగ్గర అగరబత్తీల షెడ్డు ముందు చెప్పులు బారుగా ఉన్నాయి. నావీ విడిచి లోపలికెళ్తే ఒక్కరూ లేరు. చుట్టిన బత్తీలు మాత్రం ఇంకా తడిగా ఉన్నాయి. బయటికొస్తే నా చెప్పులూ ఆ బారులోనే, ఏళ్లనాటి దుమ్ముతో ఉన్నాయి. తొడుక్కోబుద్ధి కాక వట్టికాళ్లతో బస్సెక్కాను.

బావ పాత చెప్పులుంటే పంపు. పాపకు జ్వరం తగ్గిందా? అందరినీ అడిగానని చెప్పు.

చోటు లేక అంచున రాస్తున్నాను. ఇప్పుడే ఆ షెడ్డు మేస్త్రీ ఫోన్ చేశాడు. "ఈ నెల మాకు ఒకరు పెరిగినారప్పా, రాసుకో. ఇంగ పనికి రాకుండా యాడుండావు?"