పుట్ట కింద గొట్టం

లచ్చీ,

నువ్వు పోయి ఇయ్యాలటికి ఏడాది. బాయి పక్కన లేచిన పుట్టను పొద్దున తవ్విన. నాగమ్మ ఇంట్లకొచ్చిందని మీ అత్త పసుపు కుంకుమ పెట్టి, గడ్డపార ముట్టనియ్యలే, యాదికున్నదా?

పుట్టల పాము లేదు. కింద మా తాత ఏసిన పాయఖానా మట్టిగొట్టం పగిలి, మురికంత బాయిదిక్కు ఊరుతున్నది. గా తడికే చెదలు పుట్ట లేపినయి.

నీళ్లు వాసనొస్తున్నయని నువ్వంటే నవ్విన. నీకు వాంతులు, బేదులు పట్టినప్పుడు గూడ గా నీళ్లే తాగిచ్చిన.

పెద్దపల్లి మేస్త్రి కొత్త గొట్టమేసి, “ఇగ ఫికర్ లేదు” అన్నడు.

సాయంత్రం పక్కింటి రాజవ్వ గిన్నె పట్టుకొని వచ్చింది.

“జర పసుపియ్యి బిడ్డా. నాగమ్మ మా ఇంట్ల గూడ లేచింది.”

“యాడ?” అని అడిగిన.

“మా బాయి పక్కకే,” అని సంబురపడ్డది.

గడ్డపార ఇంకా కడగలే.