గడీల హోటల్

సూర్యాపేట, జూన్ 1949

అమ్మకు,

నేను మంచిగనే ఉన్న, నువ్వు పరేషాన్ కాకు. నువ్వు దొడ్డి దిక్కు నుంచే పోయి వెట్టి చేసి, పశువులకు నీళ్లు మోసిన దొర గడీని మిర్యాలగూడ సాయిబు కిరాయికి తీసుకొని హోటల్ పెట్టిండు. వంట నాదే. నిన్న బస్సు దిగి ముసలి దొరే అన్నానికి వచ్చిండు. సగం తిన్నంక "ఎవలు వండిన్రు?" అన్నడు. "పెన్‌పహాడ్ లింగమ్మ బిడ్డను, నేనే వండిన దొరా" అన్న. మన చేతి కూడు ఎన్నడు ముట్టని ఆయన చెయ్యి విస్తరి మీద ఆగింది. ఆఖరుకు "ఇంకింత పులుసు పొయ్యి బిడ్డా" అన్నడు.

తమ్మునికి జరం తగ్గిందా? బర్రె ఈనిందా? ఆదివారం బస్సెక్కి రా, చింతపండు తే. దొడ్డి దిక్కు పోకు, పెద్ద దర్వాజ నుంచే లోపటికి రా. ప్రభువు నిన్ను సల్లగ సూడాలె.

నీ బిడ్డ
రూతమ్మ