వార్చిన నీళ్ళు

స్కోఫీల్డ్స్,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి బిందుకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. అక్కడ మెల్‌బోర్న్ క్లేటన్‌లో నువ్వూ, నీ రూమ్మేట్ సింధుజా వేళకి తిని వేళకి పడుకుంటున్నారని అనుకుంటాను. అనుకోవడమే, నమ్మకం లేదు.

నీ ఉత్తరం బుధవారం అందింది. రోజూ ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరాలేమిటని పక్కింటి జయశ్రీ నవ్వుతుంది. దానికేం తెలుసు? ఫోన్లో నువ్వు "ఎలా ఉన్నావమ్మా" అంటే "బ్రహ్మాండంగా ఉన్నా" అనేసి వాన మీదకో, ఎండ మీదకో వెళ్ళిపోతాను. కాగితం మీద అలా తప్పించుకోవడం కుదరదు.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను. నీ నల్ల కోటు అలమారలోనే ఉంది, మీ పెద్దమ్మ కొడుకు జశ్వంత్ పెళ్ళికి మెల్‌బోర్న్ వచ్చేటప్పుడు తెస్తాను. కరివేపాకు మొక్క చలికి ఆకులు రాల్చింది కానీ చావలేదు. ఆఫీసులో నాకింకా ఏడాదిన్నర సర్వీసుంది, ముందే మానేయమని నువ్వు పోరకు. పొద్దున్నే పారమట్టా ఆఫీసుకు రైలెక్కకపోతే నాకు తోచదు.

ఇక అసలు ప్రశ్న. "మన ఇంటి బంగాళాదుంప కూర చేస్తున్నానమ్మా, ముక్కలు ఎన్నిసార్లు ఉడికించి నీళ్ళు పారబోయాలి, రెండా మూడా? సింధుజ చూసి నవ్వుతోంది, వాళ్ళింట్లో అసలు పారబొయ్యరట" అని రాశావు. ఆ వాక్యం చదివి నా గుండె జల్లుమంది తల్లీ. ఒక్కసారి కూడా పారబోయకు. సింధుజ చెప్పిందే రైటు. అది మన ఇంటి వంట కాదు, మీ నాన్న పథ్యం.

నీకు పదకొండేళ్ళప్పుడు నాన్న కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆయన ఒంట్లో పొటాషియం నిలవ ఉండిపోతోంది, గుండెకు ప్రమాదం, కూరలన్నీ నీళ్ళలో నానబెట్టి, ఉడికించి, వార్చి పెట్టమన్నారు డాక్టర్లు. అరటిపళ్ళు వద్దు, టమాటా వద్దు, కొబ్బరినీళ్ళు అసలే వద్దు. ఆయనకొక వంట, మనకొక వంట చేస్తే ఆయన మన కంచాల వైపు చూస్తూ కూర్చునేవారు. నాకు అది చూడబుద్ధి కాలేదు. అందరికీ అదే వండాను. తోటకూరను కూడా ఉడికించి పిండి, ఆ పచ్చటి నీళ్ళు సింకులో పోసేదాన్ని. నువ్వు ఆ చప్పిడి కూరలే తిని పెరిగావు, అదే అమ్మ చేతివంట అనుకున్నావు. పిచ్చిపిల్లా!

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతి చెబుతాను. కోపం తెచ్చుకో, కానీ చివరిదాకా చదువు.

కిందటి నెల ఒక మంగళవారం ఫోన్ చేసి "ఆఫీసులో ట్రైనింగు, రెండ్రోజులు మాట్లాడటం కుదరదు" అన్నాను గుర్తుందా? అబద్ధం. ఆ పొద్దున స్టేషన్ మెట్లెక్కుతుంటే కాళ్ళు పట్టు తప్పాయి. గుండె ఒకటే దడ. అక్కడే కూలబడ్డాను. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. జయశ్రీ హాస్పిటల్‌కు పరుగెత్తుకొచ్చి, "ఆంటీ, నెలనుంచీ పిక్కలు పట్టేస్తున్నాయి అంటూనే ఉన్నారు, జీపీ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోమంటే విన్నారా? మీ అంత మొండి మనిషిని నేను చూళ్ళేదు!" అని అక్కడే తిట్టింది. పడాల్సిన తిట్లే, పడ్డాను.

రక్తంలో పొటాషియం బాగా పడిపోయిందన్నారు. చేతికి సెలైనులో ఎక్కించి, గుండెకు వైర్లు తగిలించి రెండ్రోజులు ఉంచారు. నేను వేసుకునే బీపీ మాత్రతో నీరుతో పాటు పొటాషియం కూడా బయటికి పోతుందట. అది మార్చారు. తర్వాత డైటీషియన్ వచ్చింది, నీ వయసే ఉంటుంది. ఏం తింటారని అడిగింది. నేను గొప్పగా చెప్పాను, కూరలు రెండుసార్లు ఉడికించి వారుస్తానని, అరటిపండు గడప తొక్కనివ్వనని.

"మీ ఇంట్లో కిడ్నీ జబ్బు ఎవరికి?" అంది.

"మా వారికి."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"పోయి మూడేళ్ళయింది."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టేసింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆఫీసులో నలుగురి తప్పులు పట్టే మనిషిని, మూడేళ్ళుగా నేనేం చేస్తున్నానో నాకు తెలియదా? తెలుసు బిందూ. ఆ పిల్లతో అదే చెప్పలేకపోయాను. ముక్కలు వారుస్తున్నంతసేపూ ఆయన హాల్లో పేపరు చదువుతున్నట్టే ఉండేది. వార్చడం మానేస్తే ఆయనకిక వండడం మానేసినట్టే కదా. ఆ పని నా చేతులు చెయ్యలేదు.

ఆ అమ్మాయి పెన్ను మళ్ళీ తీసుకుంది. మీకు తెలిసిన కూరలే తినండి, నీళ్ళు మాత్రం ఉంచుకోండి అంది. సొంతంగా పొటాషియం మాత్రలు కొని మింగొద్దని, ఎక్కువైనా గుండెకు ముప్పేనని రెండుసార్లు చెప్పింది. డాక్టరిచ్చినవే వేసుకుంటున్నాను. మొన్నటి రక్తపరీక్షలో చాలావరకు పెరిగింది, ఇంకొకటి గురువారం ఉంది. అది కూడా సరిగ్గా వచ్చి తీరాలి. పొద్దున పెరుగులో అరటిపండు కలుపుకుంటున్నాను. పప్పు రోజూ ఉండాల్సిందే. ఆఫీసు డబ్బాలో చిలగడదుంప తొక్కతో ఉడికించి తీసుకెళ్తున్నాను, నవ్వేవాళ్ళు నవ్వనీ. నువ్వు నన్ను చూడటానికి చదువు వదిలి పరుగెత్తుకు రావద్దు. ఒకసారి మీ డాక్టరుకు చూపించుకుని రక్తపరీక్ష చేయించుకో, ఫలితం నాకు రాయి. ఇది బతిమాలడం కాదు, ఆర్డరు.

హాస్పిటల్ నుంచి వచ్చిన మర్నాడు మధ్యాహ్నం టమాటా పప్పు చేశాను. పదకొండేళ్ళయింది ఆ వంట చేసి. తోటకూర కూడా దాని నీళ్ళతోనే వేపాను. పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడ్డాను, చెయ్యి ఊరికే చిల్లుల గిన్నె కోసం వెతికింది. తర్వాత ఒక్క కంచం పెట్టుకున్నాను. మీ నాన్న పోయారని నాకు ఆ రోజే తెలిసింది తల్లీ. వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడుస్తూనే తిన్నాను. బాగుంది. మారు వడ్డించుకున్నాను.

ఇట్లు,
నీ మొండి అమ్మ,
జ్ఞానప్రసూన