దాచిపెట్టిన అంకె

అక్కయ్యకు తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, నా దగ్గూ. నీ మోకాలు ఎలా ఉందో రాయనేలేదు, పక్కింటివాళ్ల పిల్లి సంగతి మాత్రం రెండు పేజీలు రాశావు.

"ఆకాశంలో గడియారం నిజంగా జోరుగా నడుస్తుందా, లేక జీతాల కోసం మీరు చెప్పే కబురా?" అని అడిగావు. నిజమేనే. భూమి లాగుడు ఎక్కువున్న చోట కాలం నెమ్మది. పైకి వెళ్లేకొద్దీ గడియారం కాస్త జోరందుకుంటుంది. ఆ తేడా నీ జన్మంతా కూడబెట్టినా ఒక తుమ్ముకు సరిపోతుందంతే.

మా ఉపగ్రహాన్ని జనానికి దారి చూపడానికి పంపారు. రాకెట్టు దాన్ని గుండ్రటి దారిలో కాక కోలగా వదిలేసింది. దారి చూపేదే దారి తప్పిందని అందరూ తలలు పట్టుకున్నారు. అది భూమి దగ్గరకొస్తూ దూరం పోతూ ఉంటుంది కనుక ఈ తేడా కొలవడానికి అంతకంటే మంచిది దొరకదని తర్వాత తట్టింది. ఏళ్ల తరబడి అదే కొలుస్తున్నాం.

ఎప్పుడొస్తున్నావని కూడా అడిగావు. ఆ జవాబు రాయలేకే ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను.

కొలిచేవాళ్ల కంటికి తాము కోరుకున్న జవాబే కనబడుతుంది. అందుకని మావాళ్లు లెక్కలో ఒక దొంగ అంకె కలిపి ఉంచుతారు. అదెంతో ఒక్కరికే తెలియాలి. చివరి రోజున అతను చెబితే, దాన్ని తీసేసి అసలు జవాబు చూస్తారు. నేను కింద గదిలో నేలమీది గడియారాన్ని కనిపెట్టుకుని ఉండేవాణ్ణి, పై గదిలో లెక్కలతో పనిలేదు. అందుకే ఆ అంకె నాకిచ్చారు. "ఇంకొన్నాళ్లు కొలుద్దాం" అంటూ ఆ చివరి రోజు జరుగుతూనే ఉంది.

అలిసిపోయానక్కా. మెట్ల మధ్యలో కూర్చుంటే గాని పైకి చేరలేకపోతున్నాను. ఆ రోజు దాకా ఉంటానా అని బెంగ పట్టుకుంది. మొన్న అందరూ భోజనాలకు వెళ్లినప్పుడు పైకెక్కాను, పై గదిలో తెర మీద వాళ్ల లెక్క కనబడింది. నా అంకె తీసేసి చూసుకున్నాను. బడిపిల్లలు చేసే తీసివేత, అంతే.

నోరు మూసుకుంటే ఉద్యోగం ఉండేది. కానీ జవాబు తెలిసినవాడు పక్కనుంటే, ఎంత వద్దన్నా లెక్క అటువైపే ఒరుగుతుంది. తర్వాత ఇన్నేళ్ల కొలతనూ ఎవరూ నమ్మరు. నిన్న వెళ్లి మా నాయకురాలికి చెప్పేశాను. నా వయసులో సగం ఉంటుంది. వింటూనే రెండు చెవులూ మూసుకుంది.

"ఎంతొచ్చిందో చెప్పకండి బాబాయ్!"

"చెప్పనమ్మా. చూశానని మాత్రమే చెబుతున్నా."

"నవ్వకండి కూడా! మీరు నవ్వినా, మొహం మాడ్చుకున్నా మాకు తెలిసిపోతుంది."

"మరి ఏ మొహం పెట్టుకోను?"

"ఏ మొహమూ వద్దు. ఇంటికెళ్లిపోండి." గోడకేసి తిరిగి, "మీరు కాక ఇంకెవరైనా అయితే తిట్టేదాన్ని" అంది.

కొత్త అంకె కలిపి మరొకరికి అప్పజెబుతారట. లెక్క బతికింది. నాకే ఆ గదుల్లోకి దారి లేదు. వచ్చే వారం బయలుదేరుతున్నాను.

జవాబేమిటని నువ్వు అడుగుతావు. అడగకు. వాళ్లు లోకానికి చెప్పేదాకా నీ వంట బాగున్నా, బాగోకపోయినా ఒకే మొహంతో తింటాను. ఏమీ అనుకోకు.

ఇట్లు,
నోరు కట్టేసుకుని వస్తున్న
నీ తమ్ముడు