ఉర్లగడ్డ వాఫిలూ, మామకు పడిన వాతా

మదనపల్లె,
ఆగస్టు 2.

పూజ్యురాలైన అత్తకు, తల ఎత్తలేని నీ మేనకోడలు లత తల వంచుకునే రాసే ఉత్తరం.

ఇక్కడ నేనూ మీ అల్లుడు ప్రవీణూ ఒంట్లో బాగానే ఉన్నాం. నా మనసే బాగాలేదు. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని అనుకుంటావు. నువ్వు పాలు పితుకుతూ ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడతావు. పోయిన నెల నాకు నాలుగు రోజులు ఆలస్యమైందని నీకొక్కదానికే చెబితే, సాయంత్రానికల్లా మీ ఊరి పాలకేంద్రం నుంచి గోవిందమ్మ ఫోన్ చేసి మగబిడ్డకు పేర్లు చెప్పింది. అయిదో రోజు నెలసరి వచ్చేసింది, ఆమెకు ఏం చెప్పాలో తెలియక ఫోన్ ఆపేసి పడుకున్నాను. అందుకే ఇది కాగితం మీద రాస్తున్నాను.

అత్తా, నేనొక పాడుపని చేశాను. కుప్పంలో టీచరుగా ఉన్న మా రేఖ వదిన తెలుసు కదా, మీ అల్లుడి అక్క. ఆమెకు గోధుమ పడదని డాక్టర్లు తేల్చారు. గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురు ఉంటుందట, అది ఆమె పేగులకు గిట్టదట. చపాతీ, బ్రెడ్డు, మైదా ఏదీ కూడదు. నాకు నమ్మకం కలగలేదు. సంకటి తిని పెరిగిన మనిషికి ఈ షోకు రోగమేమిటి, నాతో వేరే వంట చేయించుకోవడానికి వేషం కాకపోతే అనుకున్నాను. మే నెలలో ఆమె వచ్చినప్పుడు రాగి దోసె పిండిలో రెండు గుప్పెళ్ళు గోధుమ పిండి కలిపాను. పరీక్ష కోసం.

ఆమె మూడు దోసెలు తిని "శానా బాగుండాయి లతా" అంది. మధ్యాహ్నానికి మెలికలు తిరిగిపోయింది. రెండు రోజులు మంచం దిగలేదు. నేను మజ్జిగ పట్టుకెళితే నా తల నిమిరి "నా వల్ల నీకెంత తిప్పలమ్మా" అంది. ఆ చెయ్యి ఇప్పటికీ నా తల మీదే ఉన్నట్టుంది. ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఇరవై అయిదో తేదీ ఆదివారం ఆమె మళ్ళీ వస్తోంది. ఉర్లగడ్డ వాఫిల్స్ అంటే ఆమెకు ప్రాణమట. ఉర్లగడ్డలు తురిమి, నీళ్ళు పిండేసి, బియ్యప్పిండి, గుడ్డు, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, జీలకర్ర కలిపి, గళ్ళు గళ్ళుగా ఉన్న రెండు ఇనుప రేకుల మధ్య పెట్టి కాలుస్తారు. గోధుమ ఊసే ఉండదు. పొయ్యి మీద పెట్టే రకం కొన్నాను. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అతుక్కుపోయి, గరిటెతో గీకి పెట్టాల్సి వచ్చింది. మన వాళ్ళందరి కొత్త పెనాలూ అతుక్కోకుండా నూనె పట్టించి పదును చేసేది నువ్వే కదా. దాన్ని రేపు మీ ఊరి బస్సు కండక్టర్ దామోదర్ చేతికిచ్చి పంపుతున్నాను. పదును చేసి పెట్టు.

సిగ్గుతో,
నీ లత

తా.క.: ఇది చదివాక పొయ్యిలో వేసెయ్యి. నీ ఆవు కుంటడం తగ్గిందా?


గుట్టకిందపల్లె, పుంగనూరు దగ్గర,
ఆగస్టు 7.

చిరంజీవి లతకు, దీవించాలో తిట్టాలో తేల్చుకోలేని అత్త అక్కమ్మ రెండూ కలిపి రాసేది.

నీ ఉత్తరం ఇవాళ చేరింది. నీ ఇనుము నాలుగు రోజుల ముందే చేరింది. ఆ నాలుగు రోజుల్లో జరగాల్సింది జరిగిపోయింది.

నేను గడ్డికి వెళ్ళాను. సంచిని మీ మామ శంకరప్ప అందుకున్నాడు. విప్పి చూస్తే రెండు ఇనుప రేకులు, పొడుగాటి కాడలు, మధ్యలో గళ్ళు. ఆవు కుంటుతోందని నేను నీకు ఫోన్లో చెప్పిన మాట ఆయన చెవిలో ఉంది. గొడ్లకు వాతలు పెట్టడంలో చుట్టుపక్కల తనంతటివాడు లేడని ఆయనకు గట్టి నమ్మకం. ఇంకేం కావాలి? నేను వచ్చేసరికి నీ సామాను పిడకల నిప్పులో ఎర్రగా కాలుతోంది.

"సూసినావా మన లత తెలివి! ఆవు కుంటతాండాదని విని వాతలు పెట్టే అచ్చే పంపించేసింది. ఒగ తాపు పెడితే పదారు వాతలే!" అన్నాడు.

"అది ఏందో, యాల పంపిందో కనుక్కునేంతవరకు ఆగప్పా" అన్నాను. వింటేనా. ఆవుకు కాలే కుంటి, బుర్ర కుంటి కాదు. నిప్పు చూసి ఒక్క తన్ను తన్నింది. ఆయన వెనక్కి పడ్డాడు. నీ అచ్చు కింద పడింది. ముందు అది పడింది, తరువాత ఆయన దాని మీద కూర్చున్నాడు.

ఇప్పుడు బోర్లా పడుకుని ఉన్నాడు. ఆవు మాత్రం ఆ గలాటాకు భయపడి పరుగెత్తి, మరుసటి రోజు నుంచి తిన్నగా నడుస్తోంది. వైద్యం పనిచేసిందనే ఆయన వాదన.

నీ సంగతికొస్తే, తప్పు చేశావు. ఇంటికొచ్చిన మనిషి నోటికి అందించే ముద్దలో పరీక్షలేమిటే? గొడ్డుకు పడని మేత నేనెప్పుడైనా కలిపి పెట్టానా? పోయి ఆమెతోనే చెప్పుకో. నాతో చెబితే నీ కడుపు బరువు దిగుతుందేమో కానీ, ఆమె కడుపునొప్పి తీరదు.

ఇట్లు,
కోపంగా ఉన్న అత్త

తా.క.: సామానుకు ఏమీ కాలేదు. గళ్ళన్నీ సరిగ్గా పడుతున్నాయి.


మదనపల్లె,
ఆగస్టు 11.

అత్తకు, ఒక తప్పు దిద్దుకోబోయి రెండో తప్పు చేసిన లత రాసేది.

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వినందుకు మళ్ళీ సిగ్గేసింది. ఎంత పెద్ద మనిషి మామ! నా పెళ్ళిలో నన్ను గంపలో మోసుకొచ్చిన మనిషికి నేనిచ్చుకున్న బహుమానం ఇదా! కాలిన గాయాలకు పూసే మందు దామోదర్ చేతికిచ్చాను. "ఎవరికక్కా, యాడ కాలింది?" అని అడిగాడు. వినబడనట్టు దిగిపోయాను.

మీ అల్లుడు కూడా అడిగాడు. నిజం చెబితే సామాను సంగతీ, దాని వెనక వదిన సంగతీ అన్నీ బయటికి లాగాలి. మామకు గడ్డ లేచిందని చెప్పాను. చిన్నదే అన్నాను.

వదినతో చెప్పుకోమన్నావు. రెండుసార్లు ఫోన్ తీశాను. ఆమె "ఏం లతా, బాగుండావా?" అని ప్రేమగా అడిగింది. ఆదివారం ఆమె ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో మాత్రమే మాట్లాడి పెట్టేశాను. ఆమె నా వంట నమ్మి కళ్ళు మూసుకుని తింటుంది అత్తా. చెప్పాక కూడా అలా తింటుందా? అదే నా భయం. ఆమె నా ఇంట్లో మంచినీళ్ళు కూడా అనుమానంగా చూసి తాగే రోజు వస్తే నేను బతకలేను.

ఇంకో వాఫిల్ పెనం కొందామంటే ఆదివారం లోపల రాదట. కాబట్టి మామ కూర్చున్నదాన్నే శుభ్రంగా కడిగి పదును చెయ్యి.

ఇట్లు,
లత

తా.క.: మామకు మొత్తం ఎన్ని గళ్ళు పడ్డాయి? కోపం తెచ్చుకోకు. ఒక్కోసారి ఎన్ని వాఫిల్స్ వస్తాయో లెక్క తెలుస్తుందని అడుగుతున్నాను.


గుట్టకిందపల్లె,
ఆగస్టు 16.

లతకు, నీ అబద్ధాలు మోయలేక నడుము పట్టేసిన అత్త రాసేది.

నువ్వు మీ ఆయనతో చిన్న గడ్డ అన్నావు. ఆయన వాళ్ళక్కతో గడ్డ అన్నాడు. ఆ మహాతల్లి నిన్న నాకు ఫోన్ చేసి "అప్పకు ఆపరేషన్ ఎప్పుడమ్మా?" అని ఏడ్చింది. నేను పాలు పితుకుతున్నాను. ఫోన్ యథాప్రకారం స్పీకర్లోనే ఉంది. గోవిందమ్మ పక్కనే ఉంది. పొద్దుగుంకేసరికి శంకరప్ప ఇంక లేవడంట అని గుర్రంకొండలో ఉన్న మా చుట్టాల దాకా పాకింది.

బత్తాయిలు పట్టుకుని జనం వస్తున్నారు. ఇల్లంతా బత్తాయిలే. ఆయన బోర్లా పడుకునే అందరికీ నమస్కారం పెడుతున్నాడు. "నాకేం కాలేదప్పా" అంటే, "పాపం, ఇంట్లోవాళ్ళు చెప్పుండరు" అని కళ్ళు తుడుచుకుంటున్నారు. చూపించి నమ్మిద్దామంటే చూపించే చోటా అది?

సామాను చింతపండుతో మూడుసార్లు తోమాను. ఒక రాత్రంతా గంజిలో నానబెట్టి, చెనక్కాయల నూనె పట్టించి, సగం కోసిన ఎర్రగడ్డతో రుద్ది, సన్నటి సెగ మీద పదును చేశాను. నువ్వు చెప్పినట్టే ఒక వాఫిల్ వేసి చూశాను. ఎర్రగా, కరకరలాడుతూ, ఎక్కడా అంటుకోకుండా ఊడి వచ్చింది. చాలా రుచిగా ఉంది. మీ మామకు పెడితే ఆ గళ్ళు చూసి ప్లేటు తోసేశాడు. "నా అచ్చును నన్నే తినమంటాండావా?" అన్నాడు.

అసలు విషయం ఇది. రేఖ కుప్పం నుంచి వచ్చేటప్పుడు శనివారం ఇక్కడ దిగి, మామను చూసి, సామాను తనే తీసుకుని ఆదివారం మీ ఇంటికి వస్తుందట. సరేనన్నాను.

ఇట్లు,
బత్తాయిల మధ్య అత్త

తా.క.: నీ పేగులకు బత్తాయిలు పడతాయా? ఒక బస్తా పంపుతాను.


మదనపల్లె,
ఆగస్టు 20.

అత్తా,

నమస్కారాలు రాసే ఓపిక లేదు. వదిన అక్కడికి వస్తే నీ నోట ఏమీ రానివ్వకు. నీకు దండం పెడతాను. కాపాడమని కాదు. నేనే చెప్పాలని నిర్ణయించుకున్నాను.

మూడు రోజులుగా ఆలోచించాను. మంచి వాఫిల్ చేసి పెట్టేస్తే మే నెల దోసెలు మాసిపోతాయని అనుకున్నాను. మాసిపోవు. ఆమె ఎంత ఇష్టంగా తింటే నాకు అంత నరకం. అందుకని ఆదివారం పొద్దున, ప్లేటు ఆమె ముందు పెట్టేలోపలే, "వదినా, పోయినసారి నీ దోసెల్లో గోధుమ పిండి కలిపింది నేనే, నీ జబ్బు నాటకమనుకున్నాను" అని చెప్పేస్తాను. తింటే తింటుంది. లేకపోతే ప్లేటు తోసేసి వచ్చిన బస్సే ఎక్కుతుంది. ఆమె నా మీద ఉమ్మేసినా నాకది తగినదే.

ఒక్కటే కోరిక. ఆ మాట ఆమె నా నోటి నుంచే వినాలి. ఇంకొకరి నోటి నుంచి వింటే నేను మనిషినే కాను.

ఇట్లు,
లత

తా.క.: బత్తాయిలు వద్దు. ఇక్కడ గోవిందమ్మ పంపినవే ఉన్నాయి.


గుట్టకిందపల్లె,
ఆగస్టు 24, శనివారం.

లతకు, నీ ముఖం చూడలేని అత్త రాయించేది.

రాయించేది అన్నాను, రాసేది అనలేదు. గమనించావా? మొన్న మీ మామ మొదటిసారి లేచి కూర్చోబోతే ఆయనను పట్టుకునే తొందరలో నా కళ్ళజోడు కింద పడింది. దాన్ని ఆవు తొక్కింది. దాని నడక మరీ బాగుంది ఇప్పుడు.

ఇవాళ పదకొండు గంటలకు పోస్టుమాన్ నీ ఉత్తరం తెచ్చాడు. అప్పటికే రేఖ వచ్చి మామ పక్కన కూర్చుని ఉంది. "యాడ నుంచి వచ్చిందమ్మా, లత రాసిందా? నేను సదివి పెడతా ఇయ్యండి" అని చెయ్యి చాచింది. వద్దంటే ఎందుకు వద్దని అడుగుతుంది. ఏం చెప్పను? మన పల్లెలో ఉత్తరమొస్తే చదువొచ్చిన వాళ్ళు పైకి చదువుతారు, మిగిలిన వాళ్ళు వింటారు. నా చెయ్యి నేను ఆలోచించేలోపలే ఇచ్చేసింది.

మొదటి రెండు ముక్కలు గట్టిగానే చదివింది. "దోసెల్లో" దగ్గర గొంతు తగ్గింది. తరువాత తనలో తానే చదువుకుంది. మీ మామ "ఏమంటాండాది లత, నన్ను అడిగిందా?" అంటే "అడిగిందప్పా" అంది. నీ కోరికేమిటో తరువాత ఆమే నాకు చెప్పింది, అది నా చేతుల మీదుగానే చెడింది. ఈసారి సిగ్గుపడే వంతు నాది.

నువ్వు ఇది చదువుతున్నావంటే దామోదర్ సాయంత్రం బస్సులో చేర్చాడన్నమాట. ఆమె రేపు పొద్దున బస్సులో వస్తుంది. రాసిపెట్టింది ఆమే. నా మాటలు అయిపోయాయి. కింద జాగా మిగిలితే తనకు కావాలంది.

ఇట్లు,
అక్కమ్మ

తా.క.: లతా, నేను రేఖను. ఎదురుగా చెప్పే ధైర్యం నాకూ లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి లేచి గొడ్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. చాలా కోపం వచ్చింది. నాటకమని చాలామంది అంటారు, నాకు తెలుసు. నువ్వు కూడా అనుకున్నావని తెలియదు. ఆ రెండు గుప్పెళ్ళకు నిన్ను ఇప్పుడప్పుడే క్షమించను.

కానీ ఒక సంగతి ఉంది. మే నెలలో ఆ రోజు మదనపల్లెలో బస్సు దిగగానే బస్టాండు బేకరీలో రెండు ఎగ్ పఫ్‌లు తిన్నాను. మైదా అని తెలిసే తిన్నాను. ఏడాదిగా నోరు కట్టుకున్నాను, ఆ వాసనకు ఆగలేకపోయాను. కడుపునొప్పి వచ్చినప్పుడు నా తిండిపోతుతనం వల్లేననుకున్నాను. నా కోసం నువ్వు రెండు రోజులు నిద్ర మాని సేవ చేస్తుంటే సిగ్గుతో చచ్చిపోయి నీ తల నిమిరాను. నీకు తిప్పలు నా వల్లేనని నేననుకున్నాను, నావి నీ వల్లేనని నువ్వనుకున్నావు. ఎవరి మైదా, ఎవరి గోధుమ ఎంత పని చేసిందో ఏ డాక్టరూ తేల్చలేడు. పఫ్‌ల సంగతి మా తమ్ముడికి చెప్పకు, వాడు బతకనివ్వడు. నీ సంగతి నేనూ చెప్పను.

రేపు సామాను తెస్తున్నాను. ఉర్లగడ్డలు నువ్వు తురుము. పిండి డబ్బా మూత మాత్రం కొన్నాళ్ళపాటు నేనే తీస్తాను.