కొత్త వర్షన్ కోసం ఆగిన వడియాలు

చిరంజీవి జగదీశ్వర్‌కు, ఇబ్రహీంపట్నం నుంచి పెదబాపు ఆశీస్సులు, కొంచెం అనుమానం కలిపి.

మీ రేణుక వదిన వడియాలు అమ్ముకోను నువ్వు పెట్టిన ఇంటర్నెట్ దుకాణానికి పెద్ద కొత్త వర్షన్ వస్తున్నదని, అది అందరికీ ఉచితమని, అందాకా ఆగమని వేసవి మొదట్లో చెప్పావు. ఊరికే ఇచ్చేవాళ్లను తొందరపెట్టేదెవరు? మన ఊరి బయట ప్లాట్లు అమ్మినవాళ్లు కూడా రోడ్డు ఇదిగో వస్తుందనే అన్నారు. ఆ కథ మరోసారి.

పాతదాంట్లో పరీక్ష కోసం నువ్వొక ఉత్తుత్తి ఆర్డర్ పెట్టావు. "బోణీ బేరం మామా, తిప్పి పంపొద్దు" అని రేణుక నిజంగానే మీ మీర్‌పేట్ బస్సులో వడియాలు పంపింది. నువ్వు తిన్నావు కూడా. అంటే పాతది పనిచేసినట్టే కదా?

మొన్న అడిగితే, "వచ్చింది పెదబాపు, గని దాంట్ల తప్పులు దిద్దే ఇంకోటి రావాలె" అన్నావు. ఇక్కడ మబ్బులు పడుతున్నాయి. వానల్లో వడియాలు మెత్తబడతాయి. ఏటా సరుకు మొత్తం కొనే బడంగ్‌పేట్ సేటు నిన్న మళ్లీ వస్తే, "మా మరిది మాటిచ్చిండు, మీకియ్య సేటూ" అని రేణుక పంపేసింది.

నాకు నీ మాట మీద నమ్మకం లేదు. ఆమెకు ఉన్నది, అదే నా భయం. ఫోన్‌లో అయితే ఆమె వింటుందని రాస్తున్నాను. ఆదివారానికి ఆ పాతదే తెరువు. ఆమెకు మాత్రం కొత్తది వచ్చిందనే చెప్పు.

మీ పెదబాపు